రింక్‌కి తాళం ఉండే ఆ మూడు గంటలు

నగరపాలక సంస్థ క్రీడా విభాగం అధికారులకు,

నమస్కారం.

నెలకు రెండు ఆదివారాలు మీ స్కేటింగ్ రింక్‌లో రిమోట్ రేసు కార్లు నడుపుకోనివ్వమని అడిగే ఈ అర్జీని ఏ ఫైల్లో పెట్టాలో మీకు తోచకపోవచ్చు. పోయినేడాది ఇదే పని మీద ఒక కార్యాలయానికి వెళ్ళాను. అక్కడి గుమాస్తా గారు నా కాగితం రెండుసార్లు చదివి, "ఇది డ్రోనా?" అని అడిగారు. ఎగరదండీ, నేల మీదే పోతుంది అన్నాను. "అయితే బొమ్మ కారు." బొమ్మే అనుకోండి, కానీ రేసు పెట్టుకుంటాం అన్నాను. "బొమ్మైతే పార్కులో ఆడుకోండి. రేసైతే పోలీసు పర్మిషన్ తెచ్చుకోండి" అని కాగితం తిరిగి నా చేతిలో పెట్టారు. మర్యాదగానే పెట్టారు. మెట్లు దిగుతుంటే నాకే అనిపించింది, ఆయనకు అర్థమయ్యేలా నేనే చెప్పలేకపోయానని. కిటికీ దగ్గర నా వెనక పదిమంది నిలబడి ఉన్నప్పుడు చెప్పే సంగతి కాదిది. అందుకని ఈసారి అర్జీతో పాటు నలుగురూ చదివేలా ఈ లేఖ రాస్తున్నాను.

మేము నడిపేవి రేడియో కంట్రోల్ ఫార్ములా కార్లు. అసలు ఫార్ములా రేసు కారును పదో వంతుకు కుదిస్తే వచ్చే బండి. అర మీటరుకు కాస్త తక్కువ పొడుగు, జానెడు వెడల్పు, కిలోకి కొంచెం అటూ ఇటూ బరువు. నాలుగు చక్రాలూ బాడీ బయటే ఉంటాయి. ఇలా చెబుతుంటే నుమాయిష్‌లో పిల్లలకు కొనిపెట్టే రిమోట్ కారు మీ కళ్ళ ముందు మెదులుతూ ఉంటుంది. దాన్ని కాసేపు పక్కన పెట్టండి. దానికి తెలిసింది ముందుకు, వెనక్కి, కుడికి, ఎడమకి, అంతే. మా బండి స్టీరింగు ఎంత తిప్పితే అంతే తిరుగుతుంది, ట్రిగ్గర్ ఎంత నొక్కితే అంతే పోతుంది. ముందు స్ప్రింగు ఒకటి మార్చినా, చక్రం వంపు అర డిగ్రీ సవరించినా దాని నడక మారిపోతుంది. ఆ మార్పు చేతికి తెలియడానికి నాకు ఏడాది పట్టింది. మా మేనల్లుడికి మూడు వారాలు పట్టింది. ఆ ముచ్చట అలా ఉంచండి.

మా గుంపు పుట్టడానికి ఒక తేదీ ఉంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ, అంటే కరెంటుతో నడిచే ఫార్ములా కార్ల రేసు జరిగింది. మన దేశంలో ఆ పోటీ జరగడం అదే మొదలు. ఫ్రాన్సుకు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ తర్వాత నడిచిన రాజకీయం, లెక్కలు, కేసులు ఈ లేఖలోకి రావు. 2024లో జరగాల్సిన రెండో రేసు రద్దయిందన్న సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. కానీ ఆ ఒక్క శనివారం, రోజూ సిటీ బస్సు తిరిగే రోడ్డు మీద, సెక్రటేరియట్ పక్కగా, చక్రాలు బయటికున్న కార్లు దూసుకుపోవడం మన పిల్లలు చూశారు. మా మేనల్లుడు ఫోన్లో చూశాడు, టికెట్ కొనే స్తోమతు లేక. చూసి, "మామా, ఇలాంటిది మనం నడపలేమా?" అన్నాడు. నేను బాలానగర్‌లో ఒక టూల్ రూములో పని చేస్తాను. ఎప్పుడో ఒక స్నేహితుడు జపాన్ నుంచి వస్తూ తెచ్చి, ఆడి, విసిగి నాకు అమ్మేసిన తమియా ఎఫ్104 అనే రిమోట్ ఫార్ములా కారు మా అటక మీద డబ్బాలో పడి ఉంది. దాన్ని కిందికి దించాను.

ఆ ఏడాది రెండు బళ్ళు. ఇప్పుడు పదహారు. మాలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు, ఒక పళ్ళ డాక్టరు ఉన్నాడు, కోయంబత్తూరు కారి స్పీడ్‌వేలో జరిగే ఫార్ములా భారత్ పోటీకి తమ కాలేజీ కారుతో వెళ్ళొచ్చిన ఇద్దరు ఇంజినీరింగ్ కుర్రాళ్ళున్నారు, రైల్వేలో రిటైరై ఇప్పుడు మా అందరి వైర్లకూ టంకం వేసిపెట్టే ఒక పెద్దాయన ఉన్నారు. అందరికంటే వేగంగా నడిపేది ఎలక్ట్రీషియన్ కూతురు. తొమ్మిదో తరగతి. దీని గురించి మా మగవాళ్ళం ఎక్కువగా మాట్లాడుకోం.

ఇక చోటు సంగతి. మొదట ఊరి బయట ఒక వెంచర్‌కి వెళ్ళేవాళ్ళం. ప్లాట్లన్నీ అమ్ముడయ్యాయి, ఇళ్ళు మాత్రం రాలేదు, నల్లటి బీటీ రోడ్లు ఖాళీగా పడి ఉన్నాయి. స్వర్గం అనుకున్నాం. కానీ మా బండికీ నేలకీ మధ్య సందు ఐదు మిల్లీమీటర్లు. చిక్కుడు గింజంత కంకర రాయి మాకు బండరాయి. రోడ్డు ఊడవడానికి గంట, నడపడానికి అరగంట, మధ్యలో గేదెలు వస్తే ఆగడం. ఒకసారి ఓ కుక్క బాడీ ఒకటి ఎత్తుకుపోయింది. వెంట పరిగెత్తిన పళ్ళ డాక్టరు ముళ్ళకంపలో చిక్కుకున్నాడు. ఆ తర్వాత వెంచర్‌లో మొదటి ఇల్లు లేచింది. ఆ ఇంటాయన టీ ఇచ్చి మరీ ఇక రావద్దన్నాడు. తర్వాత ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్, అక్కడ అడుగడుగునా స్తంభాలు. తర్వాత ఒక బాస్కెట్‌బాల్ కోర్టు, అక్కడి వాచ్‌మన్ మారేదాకా.

ఆ తిరుగుళ్ళలోనే చక్రాలు బయటికుండే బండి సంగతి మాకు అర్థమైంది. మిగతా రిమోట్ కార్లలో బాడీ చక్రాల్ని కప్పేసి ఉంటుంది. మూలమలుపులో పక్కవాణ్ణి ఒరుసుకుని, కాస్త నెట్టి కూడా ముందుకు పోవచ్చు, ఎవరికీ ఏమీ కాదు. ఫార్ములా బండితో ఆ పని కుదరదు. తిరిగే చక్రాన్ని ఊహించుకోండి. దాని ముందు అంచు నేల వైపు దిగుతూ ఉంటుంది, వెనక అంచు పైకి లేస్తూ ఉంటుంది. ముందు బండి వెనక చక్రానికి, వెనక బండి ముందు చక్రం తగిలిందంటే, లేచే అంచూ దిగే అంచూ ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. అంతే, వెనక బండి మెట్టెక్కినట్టు గాల్లోకి లేస్తుంది. అసలు ఫార్ములా రేసుల్లో జరిగిన పెద్ద ప్రమాదాల్లో కొన్ని ఇలా చక్రం చక్రం ఎక్కినవే. మాకు ప్రాణాపాయం లేదు, పర్సుకే. మొదటి రెండు నెలల్లో బళ్ళ ముక్కు దగ్గర అడ్డంగా ఉండే ముందు రెక్కలు పదకొండు విరిగాయి.

మూడో నెల నుంచి విరగడం తగ్గింది. ఎవరూ ఎవరికీ క్లాసు పీకలేదు. ముందున్నవాడు తప్పు చేసేదాకా వెనక రెండు ల్యాపులు ఓపిక పట్టడమే లాభమని రెక్కల ఖర్చే నేర్పింది. మా మేనల్లుడు రోడ్డు మీద సైకిల్ తొక్కే తీరు కూడా మారిందని మా అక్క అంటుంది. నేనైతే ఇంకా చూడలేదు.

మా ఆటలో నాకు అన్నిటికంటే ఇష్టమైన నియమం ఒకటుంది, అది మేము పెట్టింది కాదు, ఈ ఆట ఆడే చోటల్లా ఉన్నదే. తన రేసు అయిపోయినవాడు, గెలిచినా ఓడినా, రిమోట్ కింద పెట్టి ట్రాక్ మలుపులో పోయి నిలబడాలి. తరవాతి రేసులో బోల్తా పడిన బళ్ళను ఎత్తి నిలబెట్టాలి. ఇందాక తనను ఓడించినవాడి బండి అయినా సరే, ముందు తనకు దగ్గర్లో పడినదాన్నే ఎత్తాలి. డాక్టరుకైనా ఎనిమిదో తరగతి పిల్లాడికైనా ఇదే డ్యూటీ. ఎగ్గొట్టినవాడికి ఆ రోజు ల్యాపులు కొట్టేస్తారు.

బండి లోపలి సంగతి కూడా కొంచెం చెబుతాను, క్రీడా విభాగానికి ఇదంతా ఎందుకని విసుక్కోకండి. ఈ బళ్ళకు షాఫ్టులు లేవు, బెల్టులు లేవు. మోటారు వెనక ఇరుసు పక్కనే కూర్చుంటుంది. మోటారు చివరి చిన్న పళ్ళచక్రం ఇరుసు మీది పెద్ద పళ్ళచక్రాన్ని నేరుగా తిప్పుతుంది. మోటారూ ఇరుసూ కలిసి ఉన్న వెనక భాగం, ముందు భాగంతో ఒక సన్నటి పలక ద్వారానో రెండు చిన్న లింకుల ద్వారానో కలుస్తుంది. ఆ అతుకు ఊగడమే వెనక సస్పెన్షన్. ముందు చక్రాలకు బొటనవేలి గోరంత స్ప్రింగులు. ఇంతకంటే తక్కువ సామానుతో కారు చేయడం కష్టం. మలుపులో రెండు చక్రాలు వేర్వేరు వేగంతో తిరిగేలా చేసేది డిఫరెన్షియల్. పరీక్షలో దాని బొమ్మ గీసి పదికి తొమ్మిది తెచ్చుకున్న కుర్రాడు ఒకడు మా దగ్గర గుండ్లతో పని చేసే రకం, బాల్ డిఫ్, విప్పాడు. పెద్ద పళ్ళచక్రంలోని రంధ్రాల్లో చిన్న ఉక్కు గుండ్లు, వాటికి అటో రింగు ఇటో రింగు. ఒక చక్రాన్ని ముందుకు తిప్పితే రెండోది వెనక్కి తిరుగుతుంటే చాలాసేపు తిప్పుతూ కూర్చుండిపోయాడు. టీ చల్లారిపోయింది.

ఇది నిన్న మొన్న పుట్టిన పిచ్చి కూడా కాదు. జపాన్‌లోని షిజువోకాలో ఉన్న తమియా కంపెనీ 1976లో పోర్షె 934తో రిమోట్ కార్లు మొదలుపెట్టింది. ఆ నమూనా సరిగ్గా రావాలని ఆ కంపెనీకి చెందిన షున్సాకు తమియా నిజం పోర్షె 911 ఒకటి కొని విప్పించాడు. బొమ్మ కోసం కారు! మరుసటి ఏడాదే ఆరు చక్రాల టిరెల్ పీ34 రిమోట్ కారు వచ్చింది. 1976 స్వీడన్ గ్రాండ్ ప్రీలో మొదటి రెండు స్థానాలూ కొట్టేసిన బండి అది. ఆరు చక్రాల ఫార్ములా కారు ఉండేదంటే మా పిల్లలు ఫొటో చూపించేదాకా నమ్మలేదు. అసలు ఫార్ములా వన్ కార్ల వెడల్పు 1998లో 2 మీటర్ల నుంచి 1.8 మీటర్లకు తగ్గించారు. మా ఎఫ్104 వెడల్పు 18 సెంటీమీటర్లు, అంటే పెద్దబండి నియమం మారితే చిన్నబండీ సన్నబడుతుంది. ఈరోజు స్లొవేకియాలో ఎక్స్‌రే అనే కంపెనీ వాళ్ళు ఇలాంటి బళ్ళు చేస్తున్నారు. యూరప్‌లో ఊరూరా తిరిగే యూరో టూరింగ్ సిరీస్ అనే రిమోట్ కార్ల పోటీలో ఫార్ములాకు విడిగా తరగతి ఉంది.

ఖరీదు మాటకొస్తే, డబ్బున్నవాళ్ళ ఆట అని ఎవరైనా మీ చెవిలో వేయొచ్చు. అందులో కొంత నిజముంది, దాచను. బండి విడిభాగాల కిట్టు విదేశం నుంచే రావాలి. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. కస్టమ్స్ లెక్కలో ఇదీ బొమ్మే. మా ఎలక్ట్రీషియన్‌కు కిట్టు, మోటారు, స్పీడ్ కంట్రోలరు, బ్యాటరీ, రిమోట్ అన్నీ కలిపి నలభై వేల పైనే అయింది. ఆయన ఆ సొమ్ము వాయిదాల్లో కట్టాడు. ఢిల్లీలో తేలాల్సిన సుంకం మీరు తగ్గించగలిగేది కాదు, అడగను. మేము వేరే దారి పట్టాం. స్వీడన్ వాసి డేనియల్ నోరీ మొదలుపెట్టిన ఓపెన్ ఆర్‌సీ ప్రాజెక్టులో ఫార్ములా కారు డిజైను ఎవరైనా దించుకుని త్రీడీ ప్రింటర్ మీద అచ్చు వేసుకునేలా ఉంది. ఇంజినీరింగ్ కుర్రాళ్ళు దాన్ని అచ్చు వేశారు. బేరింగులు, ఎమ్3 బోల్టులు రాణిగంజ్‌లో తెచ్చాం, వైర్లూ కనెక్టర్లూ కోఠి గుజరాతీ గల్లీలో. ఇరుసు నేను లేతు మీద తిప్పాను, మొదటిది వంకర పోయింది. అలా చేసిన బళ్ళు ఇప్పుడు మూడున్నాయి. కిట్టు బళ్ళంత చురుకు కాదు, కానీ రేసు పూర్తి చేస్తాయి.

ఇక అసలు అర్జీ. మా వైపు ఉన్న మీ స్కేటింగ్ రింక్‌లో (అది ఏ రింకో అర్జీలో రాశాను) ఆదివారం పిల్లల కోచింగ్ తొమ్మిదింటికల్లా అయిపోతుంది. మళ్ళీ సాయంత్రం నాలుగున్నరకు మొదలవుతుంది. నడుమ గేటుకు తాళం. ఎండ వల్ల ఎవరూ రారు. ఆ ఎండ మేము భరిస్తాం. నెలకు రెండు ఆదివారాలు, తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర వరకు, మూడు గంటలు మాకివ్వండి.

రింకే ఎందుకంటే, అక్కడ కంకర లేదు. చుట్టూ అడ్డం ఉంది. మా బండి గంటకు నలభై, నలభై ఐదు కిలోమీటర్ల వేగంతో పోతుంది. కిలో బరువు ఆ వేగంతో మోకాలి కింద తగిలితే ఏమవుతుందో నా కాలికి తెలుసు. ముసలివాళ్ళు వాకింగ్ చేసే పార్కులో వీటిని నడపమని ఆ గుమాస్తా గారు చెప్పిన సలహాను అందుకే పాటించలేదు. పైగా నడిపేవాళ్ళు ఎత్తున నిలబడితేనే ట్రాక్ అంతా కనిపిస్తుంది. మీ రింక్ పక్కన తల్లిదండ్రులు కూర్చునే మెట్లు ఆ పనికి సరిగ్గా సరిపోతాయి. రోలర్ హాకీ రింక్ కొలత 40 మీటర్లు, 20 మీటర్లు. మాకు అందులో ముప్పై, పదిహేను చాలు.

మీకు వచ్చే అనుమానాలు నాకూ వచ్చాయి. నేల పాడవుతుందా? మేకు ఒక్కటి కొట్టం. తోటకు నీళ్ళు పెట్టే పైపులో ఇసుక నింపి, రెండు చివరలూ మూసి, దాన్నే ట్రాక్ గట్టుగా పరుస్తాం. బరువుకి అదే కదలకుండా ఉంటుంది. పరవడానికి అరగంట, చుట్టేయడానికి ఇరవై నిమిషాలు. రెయిలింగు కింద సందుల్లోంచి బండి బయటికి పోకుండా చెక్కలు మేమే తెస్తాం. టైర్లు రబ్బరువి. అయితే ఒక సంగతి మీరు అడగకపోయినా చెప్పాలి. ఈ ఆటలో టైర్లు పట్టు కోసం ఒక రసాయనం పూస్తారు, మేము సాస్ అంటాం. అది నేలకు అంటుకుంటుంది. సాయంత్రం స్కేట్లు కట్టుకుని వచ్చే చిన్నపిల్ల దాని మీద కాలు పెడితే జారుతుందో లేదో నేను ప్రయోగం చేసి చూడదలచుకోలేదు. మీ రింక్‌లో సాస్ పూర్తిగా నిషేధం. పట్టు తగ్గుతుంది, అందరికీ ఒకేలా తగ్గుతుంది.

చప్పుడా? పెట్రోలు బళ్ళు మేము తేము. అన్నీ కరెంటువే. అందరికీ ఒకటే మోటారు, లోపల తీగ 21.5 చుట్లు చుట్టిన బ్రష్‌లెస్ రకం. చుట్టు పెరిగేకొద్దీ వేగం తగ్గుతుంది, కాబట్టి కావాలనే నెమ్మది మోటారు పెట్టుకున్నాం. కుట్టుమిషను కంటే కాస్త గట్టిగా మోగుతుంది. రిమోట్లు 2.4 గిగాహెర్ట్జ్‌వి, వాటికి లైసెన్సు అక్కర్లేదు, ఒకరి సిగ్నలు ఇంకొకరి బండిని పట్టుకోదు. బ్యాటరీలు లిథియం పాలిమర్ కాబట్టి నిప్పు భయం సహజం. చార్జింగు ఇళ్ళ దగ్గరే చేసుకుని, ఇనప పెట్టెలో తెస్తాం. ఒక బకెట్ ఇసుక ఎప్పుడూ పక్కనుంటుంది, ఇంతవరకు దాని అవసరం రాలేదు. మీ కరెంటు ప్లగ్గు కూడా మాకు వద్దు.

రేసు అనగానే పందెం గుర్తొస్తుంది మనవాళ్ళకు. సంక్రాంతి కోళ్ళ పుణ్యమా అని పోలీసులకు ఇంకా ముందు గుర్తొస్తుంది. మా దగ్గర డబ్బు చేతులు మారదు. ఆఖరున వచ్చినవాడు అందరికీ ఇడ్లీ పెట్టించాలి. నేను చాలా ఇడ్లీలు పెట్టించాను. ప్రవేశ రుసుము ఎంతంటే అంత మీకు కడతాం, రసీదు ఇవ్వండి. ల్యాపులు ఇప్పుడు రైల్వే పెద్దాయన కాగితం మీద గీతలు గీసి లెక్కపెడుతున్నారు. దాని మీద వారం వారం గొడవే. ఒక చోటంటూ కుదిరితే, నేల మీద తీగ పరిచి, బండిలో పెట్టే ట్రాన్స్‌పాండర్ అనే చిన్న సిగ్నలు పరికరంతో టైము పట్టే యంత్రం చందాలేసుకుని కొంటాం. తిరిగే సంసారానికి అంత సామాను మోయలేక ఆగాం.

దీనికి బదులుగా మేము ఇవ్వగలిగింది ఒకటుంది. మీరు ఏటా పెట్టే వేసవి శిక్షణ శిబిరాల్లో పన్నెండేళ్ళు దాటిన పిల్లలు పన్నెండు మందిని మాకు అప్పజెప్పండి. ఫీజు వద్దు. మా అచ్చు బళ్ళు మూడూ బల్ల మీద విప్పి పెడతాం. నలుగురికో బండి. మొదటి వారం నడపడం లేదు, బిగించడమే. ఏ బోల్టు ఎంత బిగించాలో, పళ్ళచక్రాల మధ్య కాగితం ముక్క పెట్టి సందు ఎలా చూడాలో, స్టీరింగు తిప్పే చిన్న మోటారుకి, అంటే సర్వోకి, వైరు తిరగేసి పెడితే ఏమవుతుందో వాళ్ళే కనుక్కుంటారు. రెండో వారం నడుపుతారు, రెక్కలు విరగ్గొడతారు, అతికిస్తారు. ఆ రెక్కల ఖర్చు మాది.

ఒకసారి చూసి నిర్ణయం తీసుకుంటామంటే ఇంకా సంతోషం. ఏ ఆదివారమైనా ఒక్క పూటకు తాళం తీయించి మీరే రండి. ఒక రిమోట్ అదనంగా పెడతాం. పోయినేడాది నా కాగితం తిప్పి పంపిన గుమాస్తా గారు కూడా వస్తే బాగుంటుంది, బండి ఎగురుతుందో లేదో ఆయనే చూసుకోవచ్చు. చక్రం చక్రం తగిలిన రోజైతే కాస్త ఎగురుతుంది, ముందే చెబుతున్నాను.

అర్జీ, మా పదహారు మంది సంతకాలు, ట్రాక్ నమూనా పటం విడిగా మీ కార్యాలయంలో ఇచ్చాం. అనుమతి పత్రంలో మమ్మల్ని బొమ్మల కింద రాసినా, ఆటల కింద రాసినా, 'ఇతరములు' అని రాసినా మాకు అభ్యంతరం లేదు. తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర అని టైము మాత్రం స్పష్టంగా రాయించండి, వాచ్‌మన్‌కు చూపించాలి.

ఇట్లు,
ఆదివారం బళ్ళవాళ్ళ తరఫున,
బాలానగర్ టూల్ రూము మనిషి